తెల్లగా వెలిగే ప్రతి తెరా లైట్ టేబుల్ కాదు

పాత నెగటివ్‌లు చూడటానికి కింది నుంచి వెలుగునిచ్చే లైట్ టేబుల్ దండగ, ఫోన్‌లో తెల్ల పేజీ తెరిచి దానిమీద పెట్టుకుంటే సరిపోతుందన్న సలహా ఇప్పుడు బాగా చెలామణీలో ఉంది. కొనేవాళ్లకేమో మరో సలహా: వెలుగు ఎంత ఎక్కువైతే టేబుల్ అంత మంచిదని. బంగారు గనుల ఊరైన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వంటి చోటికి ఈ రెండూ చేటు చేసేవే. 1880లో గనుల కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ అడుగుపెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా అక్కడి బతుకు దాదాపుగా గాజు పలకల మీద, ఫిల్మ్ మీదే నమోదైంది. రాబర్ట్‌సన్‌పేట పెళ్లి ఫోటో అయినా, ఛాంపియన్ రీఫ్ గని బొమ్మ అయినా, ఏది స్కాన్‌కు వెళ్లాలో ఏది పెట్టెలో ఉండిపోవాలో తేలేది నెగటివ్‌ను వెలుగులో చూసినప్పుడే.

గని లోపల ఫ్లాష్ వేసి తీసిన నెగటివ్‌నే తీసుకోండి. ముందు నిలబడ్డ కార్మికుడి ముఖం అందులో దట్టమైన నలుపు. వెనక చీకటి సొరంగం దాదాపు ఖాళీ ఫిల్మ్. ఆ పలుచని చోటే వెనకున్న పట్టాలు, దుంగలు, మరో మనిషి లీలగా ఉంటారు. వెలుగు కళ్లు జిగేల్మనేంత ఉంటే అవే ముందు మాయమవుతాయి. ఫోన్ తెరతో ఇంకో చిక్కు: లూప్ (చిన్న భూతద్దం) పెట్టగానే ఫిల్మ్ రేణువుల వెనక తెర చుక్కల వల కనబడుతుంది. ఆ వల ఎంత చేటో చూడండి. 1965లో ఇదే గనుల్లో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా సిటీ, డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు న్యూట్రినోలనే సూక్ష్మ కణాల జాడ పట్టారు. వాటి వల్ల పుట్టిన కణాల దారి నియాన్ గొట్టాల మెరుపులుగా ఫోటోలకెక్కింది. అలాంటి ఫిల్మ్‌లో ప్రతి చుక్కా సాక్ష్యమే. దాని కింద తెర తన చుక్కలు కలిపితే ఇక చదివేదేమిటి?

నలుపు తెలుపు ఫిల్మ్‌కు రంగుల నాణ్యతతో పనేముందని అడగవచ్చు. నిజమే, పెద్దగా లేదు. కానీ రంగు స్లైడ్లకు 5000 కెల్విన్ వెలుగు, 95కు తగ్గని సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే కొలత) చూసుకోవాల్సిందే. ఫిల్మ్‌ను తెరకు కాస్త ఎత్తులో పెడితే చుక్కలు చెదిరిపోతాయి కదా అంటే, చెదురుతాయి. తెర రంగుల లోటు మాత్రం తీరదు. ఇక ఖర్చు మాట: బ్రాండ్ పేరుకు డబ్బు పోయనక్కర్లేదు. కొనేముందు ఖాళీ టేబుల్‌ను ఫోకస్ తప్పించి ఫోటో తీయండి. నడుమకూ మూలలకూ తేడా కొట్టొచ్చినట్టుంటే, చారలు పడితే, దాన్ని వదిలేయండి. వెలుగు తగ్గించే మీట ఉన్నదీ, వేడెక్కనిదీ ఎంచుకోండి. ఫిల్మ్ చుట్టూ మిగిలిన వెలుగును నల్ల అట్టతో మూయండి. సమంగా పరుచుకునే వెలుగుకే డబ్బు పెట్టాలి, మిరుమిట్లకు కాదు.