ఓటు లేని దాతలు

1957వ సంవత్సరములో బొంబాయి హైకోర్టు ముందునకు ఒక అపూర్వమైన అభ్యర్థన వచ్చినది. టాటా ఇనుము ఉక్కు కంపెనీవారు, రాజకీయ పక్షములకు విరాళము లిచ్చు అధికారము తమ నిబంధనావళిలో స్పష్టముగా లేదు గనుక, ఆ మేరకు దానిని సవరించుకొనుటకు అనుజ్ఞ కోరిరి. వాటాదారులలో ఒకరు అభ్యంతరము చెప్పిరి. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా, అట్టి సవరణను నిషేధించు శాసన మేదియు దేశములో లేదు గనుక కాదనుటకు తమకు అవకాశము లేదని అనుజ్ఞ నిచ్చిరి గాని, ఇచ్చిన ఆ తీర్పులోనే, ధనికసంస్థల ద్రవ్యము పక్షముల బొక్కసములలోనికి అడ్డులేక ప్రవహింపసాగినచో ఇంకను పసితనము వీడని మన ప్రజాస్వామ్యమునకు ప్రాణాపాయము సంభవింపగలదనియు, ఇందులకు హద్దులు విధించు భారము పార్లమెంటుదే యనియు హెచ్చరించిరి.

ఆ సంవత్సరమే మరి రెండు సంగతులు జరిగినవి. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి, కేంబ్రిడ్జి పండితుడు కాల్డార్ ఇచ్చిన సలహా ననుసరించి, సంపదపన్నును ప్రవేశపెట్టిరి. ఏడాది క్రిందటనే జాతీయము చేయబడి, లక్షలాది సామాన్యుల పొదుపుసొమ్మునకు ధర్మకర్తగా నిలిచిన జీవిత బీమా సంస్థ, హరిదాస్ ముంద్రా అను వ్యాపారి కంపెనీల వాటాలను కోటి రూపాయలకు మించిన ధనము పోసి కొన్నది. లోక్‌సభలో ఫిరోజ్ గాంధి ఆ వ్యవహారమును బయటపెట్టగా, విచారణకై నియుక్తులైనవారు మరల చాగ్లాయే. 1958 జనవరిలో ఆయన ఆ విచారణను బహిరంగముగా జరిపిరి. లోపల చోటు చాలని జనము వెలుపల నిలిచి ధ్వనివర్ధకములలో సాక్ష్యములు వినిరి. నెల తిరుగకముందే నివేదిక సిద్ధమైనది. ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి పదవి వదలవలసివచ్చినది. ఒక వ్యాపారికి ప్రభుత్వయంత్రాంగము చేసిన ఉపకారము ఎట్టిదో, ఎవరు చేయించిరో తెలిసికొనుటకు ప్రజలకు హక్కు గలదను భావము ఆనాటి పరిపాలనలో ఇంకను జీవించియుండెను. నాకు ఈ కథలో అన్నిటికంటె విలువైనది ఆ ధ్వనివర్ధకమే.

చాగ్లా హెచ్చరికను పార్లమెంటు ఎట్లు మన్నించినదో చూతము. 1960లో కంపెనీల విరాళములకు హద్దు విధించినది. 1969లో వాటిని పూర్తిగా నిషేధించినది. ఆ నిషేధము నిష్కల్మషమైన ఆదర్శముచేతనే పుట్టినదని చెప్పజాలము. 1967 ఎన్నికలలో కాంగ్రెసు బలము క్షీణించి, మన ఆచార్య రంగా స్థాపకాధ్యక్షులుగా నడిపిన స్వతంత్ర పక్షము లోక్‌సభలో 44 స్థానములు గెలుచుకొనగా, కంపెనీల సొమ్ము ఎటు మరలుచున్నదో గమనించినవారే ఆ తలుపు మూసిరి. ఏమైనను మూసినది మంచి తలుపే. 1985లో దానిని తిరిగి తెరచి, లాభములలో 5 శాతమని హద్దు పెట్టిరి. 2013లో, గడచిన మూడేండ్ల నికరలాభముల సగటుపై 7.5 శాతమునకు పెంచిరి. 2017లో, ఆర్థిక బిల్లులో భాగముగా, రాజ్యసభకు అడ్డుకొను అధికారము లేని మార్గమున, ఆ హద్దును పూర్తిగా తొలగించి, దాత పేరు దాచు ఎన్నికల బాండ్లను కల్పించిరి. రిజర్వు బ్యాంకు వలదన్నది. ఎన్నికల సంఘము ఇది వెనుకడుగని లిఖితపూర్వకముగా తెలిపినది. ఇరువురి మాటయు చెల్లలేదు.

హద్దు తొలగుటలోని అర్థమును పాఠకులు నిదానముగా ఆలోచింపవలెను. అంతకుముందు విరాళమీయగోరు కంపెనీకి కనీసము లాభమైన నుండవలెను. 2017 తరువాత నష్టములలో మునిగిన కంపెనీయు ఎంతైనను ఈయవచ్చును. నష్టములలో నున్న సంస్థ కోట్లు ఇచ్చునది ఏ ఆదర్శము కొరకు? సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 ఫిబ్రవరి 15న ఆ బాండ్ల పథకమును కొట్టివేయుచు ఈ ప్రశ్ననే వేసినది. కంపెనీ ఇచ్చు విరాళము వ్యక్తి ఇచ్చు విరాళము వంటిది కాదనియు, అది ప్రతిఫలాపేక్షతో గూడిన వ్యాపార వ్యవహారమే యనియు ప్రధాన న్యాయమూర్తి తేటతెల్లముగా వ్రాసిరి. ఆ బాండ్లను అమ్మిన స్టేట్ బ్యాంకు, లెక్కలు చెప్పుటకు జూన్ నెలాఖరు వరకు, అనగా లోక్‌సభ ఎన్నికలు ముగియువరకు, గడువు కోరినది; న్యాయస్థానము నిరాకరింపగా మార్చి నెలలోనే పట్టికలు వెలువడినవి.

ఆ పట్టికలలో 2019 ఏప్రిల్ మొదలు అమ్ముడైన 12 వేల కోట్ల రూపాయలకు పైబడిన బాండ్లు కనిపించినవి. లాటరీ వ్యాపారము చేయు ఫ్యూచర్ గేమింగ్ సంస్థ 1,368 కోట్లతో దాతలలో ప్రథమస్థానమున నున్నది. మన హైదరాబాదు కేంద్రముగా ప్రభుత్వముల కాంట్రాక్టు పనులు చేయు మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో రెండవస్థానమున నున్నది. పుచ్చుకొన్న పక్షములలో భారతీయ జనతా పక్షమునకు దాదాపు 6,060 కోట్లు ముట్టినవి. పదిహేడు లోక్‌సభ స్థానములు గల రాష్ట్రమునకే పరిమితమైన భారత రాష్ట్ర సమితికి దాదాపు 1,215 కోట్లు వచ్చి, దేశములో నాలుగవస్థానము లభించినది. వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు దాదాపు 337 కోట్లు, తెలుగుదేశమునకు దాదాపు 219 కోట్లు. ఇట్లు ఇచ్చిపుచ్చుకొనుటకు నాటి చట్టము వీలు కల్పించినది. చట్టమే ఆ విధముగా మలచబడుటయే నా ఆవేదన.

అందరికిని ఇచ్చిరి గనుక పక్షపాతము లేదని వాదించువారు కలరు. ఇది నన్ను మరింత కలవరపెట్టుచున్నది. ఒక్క పక్షమునకు మాత్రము ఇచ్చువాడు ఆ పక్షముతోపాటు ఓడిపోగలడు. అన్ని పక్షములకు ఇచ్చువాడు ఏ ఎన్నికలోను ఓడడు, ఎవరు గద్దె నెక్కినను అతని మాట వినవలసినవారే యెక్కుదురు.

ఇక అటువంటి ప్రభుత్వములు చేయు నిర్ణయముల పోకడ చూడుడు. మరణించినవారి ఆస్తిపై వారసులు చెల్లింపవలసిన పన్ను 1985లో రద్దైనది. కంపెనీల విరాళములకు తలుపు తెరచుకొన్నదియు ఆ సంవత్సరమే. 1957 నాటి సంపదపన్ను 2015 బడ్జెటులో అంతరించినది. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 శాతము నుండి 22కు, క్రొత్త పరిశ్రమలకు 15కు తగ్గించుచు, ఏటా లక్షా 45 వేల కోట్ల ఆదాయము వదలుకొనుచున్నామని ప్రభుత్వమే ప్రకటించినది. దీనివలన పెట్టుబడులు పొంగి ఉద్యోగములు పుట్టునని ఆశ పెట్టిరి. అయిదేండ్ల పిదప అదే ప్రభుత్వపు 2023-24 ఆర్థిక సర్వే, 2020కిని 2023కిని నడుమ కంపెనీల పన్నుకు ముందరి లాభములు దాదాపు నాలుగింతలైనను, ఉద్యోగ నియామకములు గాని జీతముల పెరుగుదల గాని వాటిని అందుకొనలేదని ఒప్పుకొన్నది. ఆ 2023-24లోనే వ్యక్తులు చెల్లించిన ఆదాయపు పన్ను 10 లక్షల కోట్లు దాటగా, కంపెనీల పన్ను 9 లక్షల కోట్ల చిల్లరయొద్ద నిలిచినది. నెలజీతగాడు మొదలైన వ్యక్తులు కంపెనీలకంటె ఎక్కువ భారము మోయు దేశము మనది. జీతమే లేనివాడును సబ్బుబిళ్ల కొనినప్పుడెల్ల జి.ఎస్.టి. చెల్లించుచున్నాడు.

విరాళము వలననే పన్ను తగ్గినదని నేను ఏ ఒక్క నిర్ణయమును గూర్చియు అనుటలేదు. అట్లనుటకు సాక్ష్యము కావలెను. కాని నిర్ణయములన్నియు ఒకే దిక్కునకు ఒరగుచున్నప్పుడు, ఆ దిక్కున బరువు వేయుచున్నది ఎవరని అడుగుట పౌరుని ధర్మము. సంపద కొద్దిమంది చేతులలో గుమికూడి ప్రజాహితమునకు భంగము కలుగకుండునట్లు ఆర్థికవ్యవస్థను నడుపవలెనని మన రాజ్యాంగము 39వ అధికరణములో రాజ్యమును ఆదేశించినది. 2022-23 నాటికి జాతీయాదాయములో 22.6 శాతము, సంపదలో 40.1 శాతము పైవరుసలోని నూటికొక్కరికి చెందినవని ప్రపంచ అసమానతా పరిశోధనశాల పండితులు లెక్కకట్టిరి. ఆదాయములో వారి వాటా 1922 మొదలు ఎన్నడును ఇంత ఎత్తునకు చేరియుండలేదట.

తక్కినవారి సంగతి తెలియగోరువారు హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధులలో ఒక పగలు గడిపిన చాలును. పాలమూరు నుండి, ఆదిలాబాదు నుండి, నల్లగొండ నుండి వచ్చిన యువతీయువకులు అచట ఇరుకు హాస్టలు గదులలో ముగ్గురు నలుగురు చేరి, కోచింగు ఫీజులకై ఇంటివద్ద అప్పులు చేయించి, నగర కేంద్ర గ్రంథాలయములో కుర్చీ దొరకుటకై తెల్లవారుజామునే వచ్చి, ఒక నోటిఫికేషను కొరకు ఏండ్లకేండ్లు ఎదురుచూచుచున్నారు. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడగా, ఆ రాష్ట్రపు మొదటి గ్రూపు-1 ప్రకటన వెలువడుటకు 2022 ఏప్రిల్ వచ్చినది. 503 ఉద్యోగములకు దాదాపు 3 లక్షల 80 వేలమంది దరఖాస్తు చేసిరి. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగినది. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినవని తేలి 2023 మార్చిలో రద్దైనది. జూనులో మరల జరిపిరి. నిర్వహణలో లోపములున్నవని సెప్టెంబరులో హైకోర్టు దానినికూడ రద్దుచేసినది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటననే ఉపసంహరించి, 563 ఉద్యోగములకు క్రొత్తది జారీచేసి, జూనులో మూడవసారి ప్రిలిమ్స్ జరిపిరి. ఒకే పరీక్షను మూడుమారులు వ్రాసిన ఆ పిల్లలలో వయఃపరిమితి సమీపించుచున్నవారు, ఇంటివద్ద తండ్రికి ఇంకేమి చెప్పవలెనో తోచక పండుగలకైనను ఊరికి పోనివారు ఎందరో కలరు. వారి దుఃఖము గణాంకములలో చేరదు. చదువును విడిచి ఊరికి పోయి తండ్రి పొలములో నిలుచున్ననాడే వారిని స్వయముపాధి గలవారిగా లెక్కించి, నిరుద్యోగము తగ్గినదని చెప్పుటకు మన సర్వేలలో వీలు గలదు.

ఇది ఒక్క రాష్ట్రపు వ్యథ కాదు. 2019లో రైల్వేలోని 35 వేల పైచిలుకు గుమాస్తా తరగతి ఉద్యోగములకు కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చినవి. ఫలితముల తీరుపై 2022 జనవరిలో బీహారు యువకులు పట్టాలపై కూర్చుండిరి. అశోక్‌నగర్ పిల్లల మాట మంత్రి చెవిని పడవలెనన్న రోడ్డెక్కవలెను, పోలీసు వ్యాను ఎక్కవలెను. పన్ను తగ్గింపు కోరువారు ఏనాడైనను రోడ్డెక్కిరా? నిరుద్యోగికి ఓటు కలదు గాని అది అయిదేండ్ల కొకదినము పలుకును. కంపెనీకి ఓటు లేదు గాని దాని మాట తక్కిన దినములన్నిట వినబడుచున్నది.

ఎన్నిక వచ్చినప్పుడెల్ల మన పత్రికలలో, సభలలో పేదవోటరును నిందించు ఉపన్యాసములు మ్రోగును. వెయ్యికో రెండువేలకో ఓటు నమ్ముకొనుచున్నాడని, ప్రజాస్వామ్యమును అతడే చెరచుచున్నాడని చెప్పుదురు. పుచ్చుకొనుట తప్పే. కాని పనిలేక ఇంట కూర్చున్న కొడుకును, అప్పుపత్రమును ఎదుట పెట్టుకొని ఆ నోటును అందుకొన్నవానిని నిందించు నోరు, ఆ నోట్లకట్ట ఎచటనుండి బయలుదేరినదని ఏల అడుగదు? లోక్‌సభ అభ్యర్థి వ్యయమునకు పెద్ద రాష్ట్రములలో 95 లక్షల హద్దు కలదు; అతని పక్షము చేయు వ్యయమునకు హద్దే లేదు. పక్షము పెట్టిన ఖర్చునుగూడ అభ్యర్థి లెక్కలో చేర్చవలెనని సుప్రీముకోర్టు 1974లో తీర్పు చెప్పగా, దానిని వమ్ముచేయుటకై పార్లమెంటు చట్టమునే సవరించినది. ఫలితము మన కన్నులయెదుట నున్నది: 2024లో గెలిచిన లోక్‌సభ సభ్యులలో నూటికి 93మంది కోటీశ్వరులు, ప్రకటించిన ఆస్తులనుబట్టి వారిలో మొదటి ఇద్దరును, గుంటూరు నుండి, చేవెళ్ల నుండి ఎన్నికైన మన తెలుగువారే. ధనవంతుడగుట దోషము కాదు, ధనవంతుడు ప్రజలకు సేవ చేయజాలడనియు అనను. కాని ధనము లేనివానికి టికెట్టు అడుగుటకే ధైర్యము చాలని స్థితి వచ్చినచో, సభలో పేదల పక్షమున పలుకువారు దయచేతనే పలుకవలెను గాని అనుభవముచేత పలుకజాలరు.

1969 నిషేధము నల్లధనమును పెంచినది గదా, మరల ఆ మార్గమే ఏల అని కొందరు విజ్ఞులు అడుగుదురు. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఆనాడు కంపెనీల సొమ్ము వలదన్నవారు, పక్షములు దేనితో బ్రతుకవలెనో చెప్పలేదు. చెప్పకపోవుటచేత సొమ్ము వాకిలి విడిచి పెరటిదారి పట్టినది. 1998లో ఇంద్రజిత్ గుప్తా సంఘము, గుర్తింపు పొందిన పక్షములకు ప్రభుత్వమే నగదు రూపమున గాక కాగితము, ఇంధనము, ప్రచారసమయము మున్నగు వస్తురూపమున సహాయము చేయవలెనని సూచించినది. ఆ నివేదిక బీరువాలోనే యున్నది. కంపెనీల నిషేధము, పక్షముల వ్యయమునకు హద్దు, ప్రభుత్వ సహాయము, ఈ మూడును ఒకేసారి రావలెను. విడివిడిగా వచ్చిన ఏదియు నిలువదు.

న్యాయస్థానపు తీర్పుతో బాండ్లు పోయినవి, హద్దు తిరిగివచ్చినది. కాని కంపెనీల చట్టములోని 182వ విభాగము, కంపెనీలు పక్షములకు ధనమీయవచ్చునని చెప్పుచు, నేటికిని సజీవముగానే యున్నది, కంపెనీల విరాళములను పోగుచేసి పక్షములకు పంచు ఎలక్టోరల్ ట్రస్టుల ద్వారమున సొమ్ము పోవుచునే యున్నది. ఆ విభాగమును రద్దుచేయు బిల్లునకు ఒక పుట చాలును. మంత్రివర్గము తేనిచో మంత్రి కాని ఏ సభ్యుడైనను ప్రైవేటు సభ్యుని బిల్లుగా తేవచ్చును. సభ జరుగు కాలములో శుక్రవారపు అపరాహ్ణము ప్రైవేటు సభ్యుల వ్యవహారములకే కేటాయింపబడియున్నది. రెండు తెలుగు రాష్ట్రములనుండి 42మంది లోక్‌సభలో కూర్చున్నారు. వారిలో ఒక్కరు ఈ బిల్లును ప్రవేశపెట్టుదురా యని వారివారి నియోజకవర్గములలో ఓటర్లు ఈ వారమే అడుగవలెను.