టీకా మంచిదే, మరి ఆ సంతకాలు ఎవరివి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో హాస్టల్ అమ్మాయిలతో ఆరోగ్యం గురించి మాట్లాడటానికి ఎప్పుడు వెళ్లినా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మాట రాగానే ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కా, ఖమ్మంలో పిల్లలు చచ్చిపోయింది ఈ సూదికేనా?" అప్పటికి వాళ్లు పుట్టనే లేదు. అమ్మల దగ్గర విన్న మాట అది. ఖమ్మం మనకు పక్క జిల్లానే కదా.

2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల అమ్మాయిలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టాయి. వాళ్లలో ఆదివాసీ, దళిత పిల్లలు, హాస్టళ్లలో చదివేవాళ్లు ఎందరో. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే పని జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు చనిపోయారు. మహిళా సంఘాలు నిలదీశాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

మరణాల కారణాలు చూస్తే పాముకాటు, పురుగుల మందు, నీళ్లలో మునగడం, మలేరియా. రెండు మరణాల కారణం అంత స్పష్టంగా తేలలేదు. టీకాకు సంబంధం లేకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. నేనూ అదే అనుకుంటున్నాను, కానీ ఖమ్మం లెక్కలు చూసి కాదు. టీకా వేశాక పిల్లలకు ఏమైందో కనిపెట్టే ఏర్పాటే అక్కడ సరిగా లేదని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. లెక్కే రాయని చోట "ప్రమాదం లేదు" అనే మాటకు విలువెంత? నా నమ్మకానికి ఆధారం వేరే దేశాల్లో ఏళ్ల తరబడి రాసిన లెక్కలు. ఇంగ్లండ్‌లో 12-13 ఏళ్లకే టీకా అందిన తరంలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది.

ఇక సంతకాలు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. బిడ్డ ఒంట్లోకి ఏం ఎక్కిస్తున్నారో అమ్మానాన్నలకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఊళ్లో పెద్దకులాల ఇళ్ల పిల్లలైతే ఇలా చేసేవాళ్లా?

మనవాళ్లలో కొందరు ఈ రెండింటినీ ఒకే మూట కట్టి టీకానే వద్దంటున్నారు. అక్కడ నేను విడిపోతాను. రోగం ముదిరాక పట్నం ఆస్పత్రి గడప తొక్కేది ఎక్కువగా మన ఆడవాళ్లే. డబ్బున్న ఇళ్ల అమ్మాయిలు ప్రైవేటులో ఎప్పుడో వేయించుకున్నారు. ఒక్క డోసు చాలని 2022లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిందంటే, 2010లో మన దేశంలోనే మధ్యలో ఆగిపోయిన మరో అధ్యయనంలోని అమ్మాయిలను ఏళ్ల తరబడి గమనించడం కూడా అందుకు ఒక ఆధారం.

9-14 ఏళ్ల అమ్మాయిలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. కాబట్టి మీ హాస్టల్‌కు టీకా బృందం వస్తే ముందు పత్రం అడిగి చూడండి. అది తెలుగులో ఉందా, ఇంటికి పంపారా, వద్దంటే వదిలేస్తారా, రాత్రి జ్వరమొస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో అందులో ఉందా? సంతకం చోట వార్డెన్ పేరు కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి.