8009 తలుపు మూసేద్దాం

తోటి సర్వర్ నిర్వాహకులారా!

ముందు అపాచీ, వెనక టామ్‌క్యాట్. మనలో చాలామంది ఏళ్లుగా నడుపుతున్న ఏర్పాటు ఇదే. ఈ రెంటి మధ్య మాట మోసేది ఏదైతేనేం అనుకుని, మనకు ముందు పనిచేసినవాళ్లు పెట్టిపోయిన మాడ్-జేకేనో, మాడ్-ప్రాక్సీ-ఏజేపీనో అలాగే ఉంచేశాం. ఆ రెండూ మాట్లాడేది ఏజేపీ ప్రోటోకాలే. ఇక మార్చుదాం. మామూలు హెచ్‌టీటీపీ ప్రాక్సీకి వచ్చేద్దాం.

2020 ఫిబ్రవరిలో బయటపడ్డ ఘోస్ట్‌క్యాట్ లోపం గుర్తుందా? అప్పటిదాకా టామ్‌క్యాట్ దించుకుని స్టార్ట్ చేస్తే చాలు, మనం అడగకపోయినా ఏజేపీ కనెక్టర్ కోసం 8009 పోర్టు తెరుచుకునేది. అదీ మెషీన్‌కున్న అన్ని ఐపీల మీదా. ఆ పోర్టు దాకా రాగలిగినవాడు అప్లికేషన్ లోపలి ఫైళ్లు, బయటికి కనపడకూడని వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్‌తో సహా, చదివేయగలిగేవాడు. మనవాళ్లు డేటాబేస్ పాస్‌వర్డులు దాచేది తరచుగా అక్కడే! ఏజేపీ తీరే అంత. అవతల ఉన్నది మన అపాచీయేనని నమ్మి చెప్పిందల్లా వింటుంది. అందుకే 9.0.31 నుంచి టామ్‌క్యాట్‌వాళ్లే ఆ కనెక్టర్‌ను కామెంట్‌లో పెట్టేశారు. తెరిచినా సీక్రెట్ అడుగుతుంది. సీక్రెట్ ఉన్నా ఆ దారిలో పోయే సమాచారానికి ఎన్‌క్రిప్షన్ లేదు. హెచ్‌టీటీపీకైతే టీఎల్‌ఎస్ తొడగొచ్చు.

ఏజేపీ వేగమంటారు. బైనరీ కాబట్టి కొన్ని బైట్లు మిగిలే మాట నిజమే. కానీ పేజీ నత్తనడక నడిచిన రోజు లాగ్‌లు తెరిచి చూడండి, ఆలస్యం ఎక్కువగా డేటాబేస్ క్వెరీల్లో దొరుకుతుంది.

క్లయింట్ ఐపీ పోతుందన్న భయం మాత్రం న్యాయమైనదే. ఏజేపీ దాన్ని తనంతట తానే అందిస్తుంది. హెచ్‌టీటీపీలో అపాచీ ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ జోడిస్తుంది, టామ్‌క్యాట్‌లో రిమోట్‌ఐపీవాల్వ్ పెడితే దాన్ని చదువుకుంటుంది. ఒక్క వరుస పని. పైగా ఏదైనా చెడితే కర్ల్ కొట్టి టామ్‌క్యాట్‌నే నేరుగా అడగొచ్చు. ఏజేపీతో ఆ వెసులుబాటు లేదు. రేపు అపాచీ స్థానంలో ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టాలన్నా హెచ్‌టీటీపీ అయితే వెనక టామ్‌క్యాట్‌ను కదిలించనక్కర్లేదు.

వెంటనే మారలేనివాళ్లు వెర్షన్ పెంచండి, సీక్రెట్ పెట్టండి, అపాచీ అదే మెషీన్‌లో ఉంటే కనెక్టర్‌ను 127.0.0.1కి కట్టేయండి. మారేవాళ్లు టామ్‌క్యాట్ హెచ్‌టీటీపీ పోర్టు 8080ని కూడా బయటికి వదలకండి.

ఈ రాత్రే సర్వర్.ఎక్స్‌ఎంఎల్ తెరిచి 8009 కోసం వెతకండి. ఎవరూ వాడని కనెక్టర్ కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా తీసేయండి.