ఎర ఒక్క ఇంట్లో కడితే చాలదు

పొద్దుగూకితే చాలు, మా మూలపేట ఇంట్లో దోమలన్నీ నా చుట్టూనే. మా ఆయన పక్కనే కూర్చుని హాయిగా టీవీ చూస్తుంటారు. "నీ రత్తం తీపమ్మా, అందుకే నిన్నే కుడతన్నాయి" అంటుంది మా అత్త. తీపి కాదు, వాసన. మనం వదిలే ఊపిరి, చెమటలోని లాక్టిక్ ఆమ్లం, అమ్మోనియా... వీటిని పసిగట్టే ఆడదోమ మనిషిని వెతుక్కుంటుంది. ఆ వాసనల్నే తయారుచేసి ఎరగా పెట్టి, ఫ్యానుతో దోమల్ని లోపలికి లాగే ట్రాపులు ఉన్నాయి.

పోయిన వానాకాలం మా చిన్నదానికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఎదురుచూసిన ఆ రాత్రులు పగవాళ్లకీ వద్దు. ఇంటికొచ్చాక మా ఆయన "అలాంటి ట్రాపొకటి కొందాం" అన్నారు. నేను వద్దన్నాను.

మా కన్నవారిది ఉద్దానం. కొబ్బరికి పట్టే కొమ్ముపురుగు కోసం మా నాన్న తోటలో ఎర బుట్ట కట్టారు. అందులోదీ తయారుచేసిన వాసనే. పురుగులు పడ్డాయి. కానీ పక్క తోటలవాళ్లు కట్టలేదు. వాళ్ల పురుగులూ మా తోటకే వచ్చాయి. వచ్చినవన్నీ బుట్టలో పడవు కదా, కొన్ని మా చెట్ల మొవ్వుల్లో దూరాయి. ఒక్క ఇంట్లో ఎర పెడితే ఊరి దోమల్ని పిలిచినట్టే అని నా భయం.

కెన్యాలో రుసింగా అనే దీవి ఉంది. 2012 నుంచి 2015 దాకా అక్కడ ఇంటింటికీ సోలార్‌తో నడిచే వాసన ట్రాపులు పెట్టారు. దోమతెరలు మానలేదు. ట్రాపులున్న ఇళ్లవాళ్లలో మలేరియా దాదాపు 30 శాతం తక్కువగా కనిపించింది. ఇంటింటికీ అన్నదే అసలు మాట. ఇది పంచాయతీ పూనుకోవాల్సిన పని, మన సంచిలో డబ్బుతో అయ్యేది కాదు.

పైగా అది మలేరియా దోమ. డెంగీ దోమ వేరు. పగలు కుడుతుంది, మనం నిలవ చేసుకున్న మంచినీళ్లలోనే పుడుతుంది. డ్రమ్ము, పూలకుండీ కింద పళ్లెం, పెరట్లో కొబ్బరి చిప్ప... ఎర ఎంత మంచిదైనా ఎగిరే దోమనే పడుతుంది, నీళ్లలోని పిల్లల్ని పట్టదు.

ఇంకో మాట. మిషను కొనడమంటే మగవాళ్లకి హుషారు. డ్రమ్ము కడగడం మాత్రం ఆడవాళ్ల పనే! అందుకే మా ఇంట్లో ఇప్పుడు శుక్రవారం డ్రమ్ము కడిగేది మా ఆయన. నెలరోజులైంది, ఇంకా మానలేదు. ఈ వారం ఎదురింటాయన్ని కూడా పిలిచారు. మీ ఇంట్లో ఎవరు కడుగుతున్నారు?