మతిమరుపు జబ్బుకు జిల్లాలోనే వైద్యం, ఆసరా కావాలి

గౌరవనీయులైన అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి,
ప్రజా సమస్యల పరిష్కార వేదిక, అనంతపురం.

విషయం: డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న వృద్ధులకు, వారిని చూసుకునే కుటుంబాలకు వైద్యం, సలహా, ఆసరా కల్పించాలని వినతి.

ఆర్యా,

మేము కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ, గుంతకల్లు ప్రాంతాల పల్లెలవాళ్లం. మా ఇళ్లలో అవ్వాతాతలు కన్నబిడ్డలను గుర్తుపట్టడం లేదు. తిన్న సంగతి మరిచి మళ్లీ అన్నం అడుగుతారు. పొద్దుగూకితే ఇంటికి పోతామంటూ సొంత గడపే దాటిపోతారు. ఊళ్లో కొందరు చాదస్తమంటారు, కొందరు గాలి సోకిందంటారు. ఇది మెదడు జబ్బు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది. పట్టణాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ.

వానలు లేక, వేరుశనగ చేతికి రాక మా పిల్లలు బెంగళూరుకు, కేరళకు వలస పోతున్నారు. ముసలివాళ్లను ముసలివాళ్లే చూసుకుంటున్నారు. లేదంటే కోడలో కూతురో కూలి మానుకోవాలి. కూలికి పోక తప్పని రోజున మనిషిని లోపలుంచి గడియ పెట్టి పోతున్నాం.

ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో 60 ఏళ్లు దాటినవారికి ఒక ప్రశ్న ఉంది: అయినవాళ్ల పేర్లు, ఇంటి చిరునామా మరిచిపోతున్నారా? మేము అవునంటాం. ఆ తర్వాత ఎక్కడికి పోవాలో చెప్పేవారు లేరు. ఆ దారి చూపమనే మా విన్నపం.

జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రుగ్మతగా గుర్తించి, ప్రభుత్వ వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఎక్కువ ఆసరా అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం గురించి 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. హిందూపురం దాటితే వచ్చే చిక్కబళ్లాపురం జిల్లాలో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరు నిమ్హాన్స్‌తో కలిసి 2022లోనే మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. పక్క రాష్ట్రంలో సాధ్యమైనది మాకూ సాధ్యమే.

మా డిమాండ్లు:

1. ఆశా ఫారంలోని ఆ ప్రశ్నకు అవునన్న ప్రతి ఒక్కరినీ ఏఎన్ఎం ద్వారా పీహెచ్‌సీ వైద్యాధికారికి, అక్కడి నుంచి అనంతపురం సర్వజన ఆసుపత్రికి పంపేలా రాతపూర్వక ఆదేశాలివ్వాలి.

2. సర్వజన ఆసుపత్రిలో వారానికొక రోజు జ్ఞాపకశక్తి క్లినిక్ నడపాలి. థైరాయిడ్, బి12 పరీక్షలు, డోనెపెజిల్ మాత్రలు ఉచితంగా ఇవ్వాలి. థైరాయిడ్, బి12 లోపాల వల్ల వచ్చే మతిమరుపును సకాలంలో పట్టుకుంటే తగ్గే అవకాశం ఉంది. చదువురానివారికి తగిన తెలుగు పరీక్షలే వాడాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో చదువురానివారూ ఉన్నారు కాబట్టి వారిని పరీక్షించడం సాధ్యమే.

3. రోగితో వాదించకుండా మాట్లాడడం, స్నానం చేయించడం, పడిపోకుండా కాపాడడం, ఎండాకాలంలో అడక్కున్నా నీళ్లు తాగించడం కుటుంబాలకు నేర్పాలి. ఒంట్లో నీరు తగ్గితే వీరి అయోమయం ఇంకా పెరుగుతుంది. టెలీ మానస్ 14416, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబర్లు ప్రతి సచివాలయం గోడమీదా రాయించాలి.

4. దివ్యాంగ ధ్రువపత్రాల కోసం జరిపే సదరం శిబిరాల్లో డిమెన్షియా తీవ్రతను అంచనా వేసి ధ్రువపత్రం ఇవ్వాలి. ఎన్టీఆర్ భరోసా పింఛను కింద మంచానపడిన పక్షవాత రోగులకు నెలకు రూ.15,000 ఉంది. అదే స్థితికి చేరిన మావాళ్లు రూ.4,000 వృద్ధాప్య పింఛనుతో సరిపెట్టుకోవాల్సి వస్తోంది. వారికీ ఆ మొత్తం, చూసుకునేవారికి భత్యం ఇవ్వాలని ప్రభుత్వానికి సిఫారసు చేయాలి.

5. కేరళలోని డిమెన్షియా కార్యక్రమం స్మృతిపథం తరహాలో ముందుగా కళ్యాణదుర్గంలో ఒక పగటి సంరక్షణ కేంద్రం తెరవాలి. పొద్దున దింపి సాయంత్రం తీసుకుపోయే వీలుంటే ఇంటివాళ్లు కూలికి పోగలరు.

6. దారి తప్పేవారికి ఫోన్ నంబరున్న గుర్తింపు కార్డులివ్వాలి. పోలీసులు, ఆర్టీసీ, గుంతకల్లు రైల్వే పోలీసులు ఒకరికొకరు వెంటనే సమాచారమిచ్చుకునే ఏర్పాటు చేయాలి. సరిహద్దు దాటితే కన్నడ జిల్లాలు కాబట్టి బళ్లారి, పావగడ పోలీసులనూ ఇందులో కలపాలి.

మొదటి మూడింటికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ ఆదేశం చాలు. వచ్చే సెప్టెంబరు 21, ప్రపంచ అల్జీమర్స్ దినం నాటికి వాటిని అమలు చేయాలని, మిగిలిన వాటిపై వైద్యాధికారులతో పాటు మమ్మల్నీ పిలిచి సమావేశం జరపాలని కోరుతున్నాం. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయమని ప్రార్థన.

ఇట్లు,
డిమెన్షియా బాధిత కుటుంబాల సభ్యులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)

ప్రతులు: జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి, సర్వజన ఆసుపత్రి సూపరింటెండెంట్, జిల్లా ఎస్పీ