ఐబ్ కొత్తది కాదు, కనపడటం కొత్త

బీమా కంపెనీలకూ, వాటి లిస్టులో ఉన్న వర్క్‌షాపులకూ ఒక తకియా కలామ్ ఉంది. "ఇది కొత్త ప్రాబ్లెమ్ సార్, మీ క్లెయిమ్‌లో లేదు." బీమా కింద రిపేర్ చేయించి ఇంటికి తెచ్చుకున్న కారులో నెలకో రెండు నెలలకో ఇంకో ఐబ్ బయటపడితే, బండి తీసుకుని వెనక్కి పోయినవాడికి కౌంటర్ దగ్గర వినపడే మొదటి మాట ఇదే, ఆఖరి మాటా ఇదే. ఈ ఒక్క మాటతో జిమ్మెదారీ మొత్తం దులిపేసుకుంటారు. నా సవాల్ ఆ మాట మీదనే. కొత్తది అంటే ఏమిటి? ఆ ఐబ్ కొత్తగా పుట్టిందా, కొత్తగా కనపడిందా?

2025 ఆగస్టు 27, వినాయక చవితి రోజు. మన కామారెడ్డి జిల్లా మీద పడ్డ వాన ఎవరూ మర్చిపోలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. హైవే మీద బండ్లు నిలిచిపోయాయి. కామారెడ్డి పట్నంలో జీఆర్ కాలనీ లాంటి చోట్ల ఇళ్ల ముందు నిలబెట్టిన కార్లు నీళ్లలో తేలుతూ పోయాయి. నీళ్లు దిగినంక ఆ కార్లన్నీ బురదతో వర్క్‌షాపుల ముందు వరుస కట్టాయి. అన్నీ ఒకేసారి, ఒకే వారంలో. మా బీబీపేట వాళ్లు కంపెనీ వర్క్‌షాపు కావాలంటే కామారెడ్డికో, నిజామాబాద్‌కో, లేదంటే హైదరాబాద్ దాకానో పోవాల్సిందే. బండి అక్కడ అప్పజెప్పి వచ్చాక, లోపల ఏం విప్పారో ఏం విప్పలేదో చూసే దిక్కు ఉండదు.

మా మామూ కారు కూడా ఆ వరుసలో నిలబడింది. బీబీపేటలో ఉంటారు. గల్ఫ్‌లో ఏళ్లకేళ్లు చేసిన మెహనత్‌తో కొన్న కారు అది. ఆ రాత్రి కామారెడ్డిలో కూతురింటి ముందు ఉంది. సీట్ల దాకా నీళ్లొచ్చాయి. బీమా ఉంది, క్లెయిమ్ ఒప్పుకున్నారు. ఇంజిన్ ఆయిల్ మార్చారు, సెల్ఫ్ మోటార్ మార్చారు, కార్పెట్లు ఉతికి ఆరేశారు. సీట్లకు సెంటు కొట్టి ఇచ్చారు. మామూ షుక్రియా చెప్పి తెచ్చుకున్నారు. చలికాలం వచ్చేసరికి మీటర్ దగ్గర ఎయిర్‌బ్యాగ్ లైట్ ఎర్రగా వెలిగి ఆరకుండా ఉండిపోయింది. ఇంకొన్ని రోజులకు, మనవలు వెనక సీట్లో ఉండగా, మలుపులో స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. అల్లా రహెమ్, ఎదురుగా లారీ లేదు.

వర్క్‌షాపు వాళ్లు స్కానర్ పెట్టి చూసి అన్నది, "కొత్త ప్రాబ్లెమ్." సర్వేయర్ అన్నది, "నా రిపోర్టు ఎప్పుడో ఇచ్చేశా." కంపెనీ ఫోన్‌లో అమ్మాయి అన్నది, "మీరు సంతృప్తిగా ఉన్నట్టు సంతకం చేశారు కదా సార్."

ముందు మొదటి జవాబు చూద్దాం. సీటు ఎత్తి చూసిన మన వీధి మెకానిక్ ఒక పసుపు రంగు కప్లర్ విప్పి చూపించాడు. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌కు పసుపు రంగే వాడతారు. ఆ కప్లర్ లోపల రాగి పిన్నుల మీద పచ్చటి పొర. వరద నీళ్లు మంచినీళ్లు కావు. అందులో బురద, మోరీ, ఉప్పు అన్నీ ఉంటాయి. ఆ నీళ్లు కప్లర్‌లోకి పోతే, పైన ఎంత ఆరేసినా లోపల తడి మిగులుతుంది. రాగి మెల్లమెల్లగా పచ్చబడుతుంది. కరెంటు పోయే దారి సన్నబడుతుంది. ఒకరోజు సెన్సార్ మాట కంప్యూటర్‌కు వినపడదు, లేదంటే స్టీరింగ్ మోటార్‌కు కరెంటు అందదు. ఇది వారాల పని, నెలల పని. డెలివరీ రోజున బండి బాగానే నడుస్తుంది. జ్వరం మందు వేసి పంపిన పేషంట్ ఆస్పత్రి గేటు దాకా బాగానే నడిచినట్టు.

అంటే ఆ ఐబ్ పుట్టిన తేదీ ఆగస్టు 27. చలికాలంలో జరిగింది దాని పుట్టుక కాదు, దాని ముఁహ్ దిఖాయీ. వరద వల్ల వచ్చిన నుక్సాన్‌ను బాగు చేయమనే కదా కంపెనీ పైసలిచ్చింది, వర్క్‌షాపు పైసలు తీసుకుంది? సగం నుక్సాన్‌ను లోపల వదిలేసి, అది బయటపడ్డ రోజున "నువ్వెవరో మాకు తెలియదు" అంటే అది హిసాబ్ కాదు, ధోకా.

కంపెనీ దగ్గర ఇంకో కాగజ్ సిద్ధంగా ఉంటుంది. పాలసీలో మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు కవర్ లేదని రాసి ఉంటుంది, చూసుకోండి అంటారు. రాసి ఉన్న మాట నిజమే. కానీ ఆ షరతు తనంతట తాను చెడిపోయిన బండి గురించి. వరద నీళ్లు తాగి చెడిపోయిన బండి గురించి కాదు. అదే పాలసీలో, సొంత బండి నుక్సాన్ కింద, వరదకు కవర్ ఉందని పేరు పెట్టి రాసి ఉంటుంది. ఒక పేజీలో వరద ఉందని ప్రీమియం తీసుకుని, ఇంకో పేజీలో వరద చెడగొట్టిన వైరు లేదంటే ఎట్లా?

"పోనీ, కొత్త క్లెయిమ్ వేసుకోండి" అని సలహా ఇచ్చే షరీఫులూ ఉన్నారు. దాని ఖరీదు ఎవరు కట్టాలి? ప్రతి క్లెయిమ్‌కు మన జేబు నుంచి తప్పనిసరి కోత ఉంటుంది. 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, దాటితే 2,000. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకూ, బ్యాటరీకీ, ఎయిర్‌బ్యాగ్‌కూ సగం ధరే వస్తుంది. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితే 50 శాతం దాకా వచ్చే బోనస్ మొదటి క్లెయిమ్‌తోనే పోయింది. ఒకే వానకు రెండుసార్లు జుర్మానా కట్టమనడం ఏ ఇన్సాఫ్?

ఇక ఆ దస్తఖత్ సంగతి. అసలు జుల్మ్ అక్కడే ఉంది. బండి తాళం చేతికివ్వకముందే ఒక కాగజ్ ముందు పెడతారు. రిపేర్ పట్ల పూర్తి సంతృప్తి ఉంది, ఇక ఏ దావా లేదు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. దాని కింద మన బుజుర్గులు ఉర్దూలో దస్తఖత్ చేస్తారు. ఇంకా నడిపి చూడని బండి పట్ల ఇత్మినాన్ ఎట్లా ఉంటుంది? చదవలేని కాగజ్ మీద ఒప్పుకోలు ఎట్లా అవుతుంది? దస్తఖత్ పెట్టకపోతే తాళం రాదు. అది ఇత్మినాన్ కాదు, మజ్బూరీ.

ఈ మాట నేను ఒక్కణ్ణి అంటున్నది కాదు. అట్లాంటి వౌచర్ మీద దస్తఖత్ చేసినంత మాత్రాన వినియోగదారుడి హక్ పోదని, దగాతోనో దబావుతోనో తప్పుడు మాట చెప్పో తీసుకున్నారని చూపిస్తే ఇంకా అడగవచ్చని సుప్రీంకోర్టు 1999లోనే, అజ్మేర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో చెప్పింది. బీమా రంగాన్ని చూసే ఐఆర్‌డీఏఐ 2015 సెప్టెంబర్‌లో కంపెనీలకు సర్క్యులర్ పంపింది. ఈ వౌచర్లను అడ్డం పెట్టుకుని జనం కోర్టుకు పోయే దారి మూయవద్దని అందులో ఉంది. సర్వేయర్ రిపోర్టు విషయానికొస్తే, 2009లో ప్రదీప్ కుమార్ కేసులో, అదీ ఒక ట్రక్కు రిపేర్ బిల్లు గొడవలోనే, సర్వేయర్ మాటే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అయినా కౌంటర్ దగ్గర ఆ రెండు కాగితాలే ఇప్పటికీ ఖురాన్ మీద ఖసమ్ లాగా చూపిస్తున్నారు. ఎందుకంటే మనం అడగం కాబట్టి.

వర్క్‌షాపు వాళ్ల మజ్బూరీ కూడా చెప్పాలి, లేకపోతే ఇన్సాఫ్ కాదు. కంపెనీలు లేబర్ రేటు నొక్కుతాయి. ఒకేసారి ఇన్ని బండ్లు వస్తే ప్రతి కప్లర్ విప్పి కడిగే టైమ్ ఉండదు. ఆ పనికి ఎస్టిమేట్‌లో పైసలూ ఉండవు. సర్వేయర్ కూడా ఉరుకులు పరుగుల మీద ఫొటోలు తీసుకుని పోతాడు. ఒప్పుకుంటాను. అయితే ఆ మాట బిల్లు మీద రాయాలి కదా? "ఇంత విప్పాం, ఇంత విప్పలేదు" అని. బండి విప్పాక ఇంకా నుక్సాన్ కనపడితే అదనపు ఎస్టిమేట్ పంపే దారి ఈ పద్ధతిలోనే ఉంది. ఆ దారి వాడకుండా, విప్పని దాన్ని బాగైనట్టు చూపించి అప్పజెప్పడం మజ్బూరీ కిందికి రాదు.

మదీనా బజారులో జరిగిన వాకియా మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ధాన్యం రాశిలో రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం చేయి పెడితే లోపల తడి తగిలింది. అమ్మేవాడు వాన పడిందన్నాడు. తడిసింది పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. వాన పడటం నేరమని అనలేదు. తడిని కింద దాచడమే నేరమన్నారు. ఈ కథ కంపెనీలకు తెలియకపోవచ్చు. మనకు తెలుసు.

మనకు తెలుసు కాబట్టి మన సవాల్ మనకూ ఉంది. డెంటింగ్, పెయింటింగ్, ఎలక్ట్రిషియన్ పనుల్లో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఏ మెకానిక్ వీధికి పోయినా కనపడుతుంది. వరదలో మునిగిన బండిని కడిగి, పాలిష్ కొట్టి, ఊరు మార్చి అమ్మే బేరాల్లో మన చేతులు ఉంటే అదీ అదే తడి ధాన్యం. "మనోడు గదా" అని కొన్నవాడి పిల్లలు ఆ సీట్లలో కూర్చుంటారు. గుద్దుకున్న రోజున ఆ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు.

ఇంకో మాట నన్ను చాలా రోజులుగా బాధపెడుతోంది. బీమా జాయెజా నాజాయెజా అనే బహస్ మన ఇళ్లలో పాతది. దాని మీద ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. కానీ ఆ బహస్ నీడలో ఒక అలవాటు పెరిగింది. ఎట్లాగూ కానూన్ కోసం తీసుకున్నదే, వచ్చినంత చాలు, గొడవెందుకు అని. థర్డ్ పార్టీ బీమా 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. సొంత బండి నుక్సాన్ కవర్ మాత్రం మనం పైసలు కట్టి కొనుక్కున్న సేవ. సేవ సరిగా చేయమని అడగడం లాలచ్ కాదు. దాన్ని వదిలేసి సబ్ర్ అని పేరు పెట్టుకోవడం సబ్ర్‌కే అవమానం. ముసీబత్ మీద చేసేది సబ్ర్. ధోకా మీద చేసేది ఖామోషీ.

కాబట్టి భాయియో, బెహనో, ఇవి చేయండి. బండి అప్పజెప్పే ముందు లోపల నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బురద గీత ఫొటో తీసుకోండి. జాబ్ కార్డ్ కాపీ అడగండి. వైరింగ్ కప్లర్లు విప్పారా లేదా రాయించుకోండి. మార్చిన పాత సామాన్లు చూపించమనండి. డెలివరీ రోజున పగటిపూట పోండి, తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోండి, బండి రోడ్డు మీద నడపండి. కాగజ్ ముందు పెడితే, దస్తఖత్ పైన మీకొచ్చిన భాషలో రాయండి: లోపలి నుక్సాన్ తర్వాత బయటపడితే అడిగే హక్ ఉంచుకుని బండి తీసుకుంటున్నాను. ఆ కాగజ్‌కు కూడా ఫొటో తీసుకోండి.

ఐబ్ బయటపడితే ఫోన్‌లో గొడవపడకండి, రాసి పంపండి. కంపెనీ షికాయత్ అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వర్క్‌షాపును కూడా జవాబు అడగాలంటే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఒకే షికాయత్‌ను రెండు చోట్లా ఒకేసారి వేయకండి. ఎటు పోవాలో తెలియకపోతే 1915కు ఫోన్ చేసి అడగండి.

కంపెనీలకు కూడా ఒకటే మాట. వర్క్‌షాపు మీ లిస్టులోదే, సర్వేయర్ మీరు పంపినవాడే, ఎస్టిమేట్ మీరు ఒప్పుకున్నదే. మునిగిన బండికి వైరింగ్ విప్పి కడగడం మొదటి ఎస్టిమేట్‌లోనే పెట్టండి. రిపేర్‌కు రాసి గ్యారెంటీ ఇవ్వండి. సంతృప్తి కాగజ్ డెలివరీ రోజున కాదు, బండి నెల రోజులు నడిచాక అడగండి. అప్పటిదాకా మా ఇళ్లలో ఒక కాయిదా పెట్టుకుంటాం. ముందు బండి నడుస్తుంది, తర్వాత కలం నడుస్తుంది.