రసీదు విలువ

మన నెల్లూరు తీరగ్రామములలో, కొన్న వస్తువు చెడిపోయి నష్టపడినవారు తఱచుగా పలుకు మాట యొకటి కలదు: "పోనిమ్ము, పెద్ద కంపెనీతో మనకేల?" ఓర్పునందు మనవారు ఎవరికిని తీసిపోరు. తుపాను వచ్చి ఇల్లు కూలినను మరల కట్టుకొందురు. వేట దొరకనినాడు పస్తుండియైనను మరునాడు పడవ నడుపుదురు. గాలివానవలన కలిగిన నష్టమును ఓర్చుకొనుట ధైర్యమే. కాని పూర్తి వెల పుచ్చుకొని పనికిరాని వస్తువును అంటగట్టినవానివలన కలిగిన నష్టమును ఓర్చుకొనుట ధైర్యము కాదనియు, అందువలన పొరుగువానికిగూడ కీడు కలుగుననియు మా యభిప్రాయము.

ఈ విషయమున మనకు చట్టము లేకపోలేదు. 1986వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన రాష్ట్రపతి యామోదము పొందిన వినియోగదారుల రక్షణ చట్టమువలన జిల్లా ఫోరములు ఏర్పడెను. ఆ తేదీయే నేడు జాతీయ వినియోగదారుల దినముగా జరుపబడుచున్నది. ఆ చట్టమునకు బదులుగా 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. నాటి ఫోరమునకు ఇప్పుడు జిల్లా కమీషనని పేరు. జనులు మాత్రము వినియోగదారుల కోర్టనియే పిలుచుచున్నారు.

ఈ కోర్టు పద్ధతి సామాన్యునికి అనుకూలముగా నున్నది. వకీలును పెట్టుకొనవలయునను నిర్బంధము లేదు. తన మొఱను తానే వ్రాసి, తానే వినిపింపవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. 50 లక్షలవఱకు వెల చెల్లించిన వ్యవహారములను జిల్లా కమీషనే విచారించును. పూర్వము ప్రతివాది యున్నచోటనో, వ్యాజ్యకారణము పుట్టినచోటనో ఫిర్యాదు చేయవలసి యుండెను. క్రొత్త చట్టము ప్రకారము ఫిర్యాది తాను కాపురమున్న జిల్లాలోగాని, పనిచేయు జిల్లాలోగాని మొఱపెట్టుకొనవచ్చును. కావున మైపాడులోని జాలరియైనను, ముత్తుకూరులోని రైతైనను నెల్లూరులోనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ ముఖ్యకార్యాలయము ముంబయిలో నున్నను, ఢిల్లీలో నున్నను, అచటి కమీషనుకు సమాధానము చెప్పుకొనవలసినదే.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. వ్యాపారార్థము కొన్న వస్తువులకు ఈ చట్టము వర్తింపదు. అట్లయిన పడవకు ఇంజను కొన్న జాలరి వినియోగదారుడగునా? అగును. కేవలము జీవనోపాధికై, తానే కష్టించి పని చేసికొనుటకు కొన్న వస్తువును వ్యాపారార్థము కొన్నదానిగా ఎంచరాదని చట్టమే విడమరచి చెప్పుచున్నది. తాను వేటకు పోవు పడవ యింజను వారంటీ గడువులోపలనే చెడిపోగా, కంపెనీవారు బాగుచేయింపక త్రిప్పుచున్నచో, ఆ జాలరి నిస్సంకోచముగా ఫిర్యాదు చేయవచ్చును. చిన్న రొయ్యలగుంటను స్వయముగా సాగుచేసికొని బ్రతుకువాడు కొన్న ఏరేటరు విషయమును అట్టిదే. పదులకొలది గుంటలను జీతగాండ్రచే సాగించు పెద్ద వర్తకుని సంగతి వేఱు.

"వస్తువు చెడ్డదని నీవెట్లు ఋజువు చేయుదువు?" అని కంపెనీలు ప్రశ్నించుట కలదు. దీనికి మన తెలుగు రైతుల వ్యాజ్యమొకటి మంచి సమాధానము నిచ్చినది. కర్నూలు, మహబూబునగరము, గుంటూరు మొదలగు జిల్లాలలో కొందఱు రైతులు, కేంద్రప్రభుత్వమునకు చెందిన జాతీయ విత్తన సంస్థవారి విత్తనములను నాటగా పంట చెడిపోయెను. రైతులు జిల్లా ఫోరములకు మొఱపెట్టుకొని పరిహారము పొందిరి. సంస్థవారు రాష్ట్ర కమీషనుకును, జాతీయ కమీషనుకును, తుదకు సుప్రీముకోర్టునకును పోయిరి. విత్తనములకు వేఱొక చట్టము కలదనియు, ఒప్పందములో మధ్యవర్తి తీర్పు నియమమున్నదనియు, విత్తనములను ప్రయోగశాలలో పరీక్షింపలేదనియు వాదించిరి. 2012 జనవరి 16వ తేదీన సుప్రీముకోర్టు ఆ వాదములను త్రోసిపుచ్చెను. రైతును వినియోగదారుడే యనియు, కొన్న విత్తనముల నన్నిటిని నాటినవాడు పరీక్షకై కొన్నింటిని దాచియుంచునని తలపరాదనియు, కావలసినచో సంస్థయే తన యొద్దనున్న విత్తనములను పరీక్షకు పంపించి యుండవచ్చుననియు నిర్ణయించెను. పేదవాడు చేయజాలని ఋజువును వానినుండి కోరుట న్యాయము కాదని దీనివలన తేలుచున్నది.

ఈ మార్గమున కష్టములు లేవని మేము చెప్పము. పరీక్ష యవసరము లేని వ్యాజ్యమును 3 నెలలలోను, పరీక్ష కావలసినదానిని 5 నెలలలోను తీర్చుటకు యత్నింపవలయునని చట్టము పలుకుచున్నది. అనేక వ్యాజ్యములు ఆ గడువు దాటిపోవుచున్నవి. కమీషనులలో పదవులు ఖాళీగా నుండుటనుగూర్చి 2021లో సుప్రీముకోర్టు తనంతట తానే విచారణ చేపట్టవలసివచ్చెను. కూలి మానుకొని వాయిదాలకు తిరుగుట పేదవానికి భారమే. ఈ లోపమును తీర్చుట ప్రభుత్వముల విధి. అయినను మార్గము కఠినమని దానిని విడిచిపెట్టినచో లాభమెవరికి? ఒక్కొక్కరి నష్టము వేయి రూపాయలే యనుకొందము. అట్టివారు వేయిమంది ఊరకున్నచో కంపెనీకి మిగులు సొమ్ము 10 లక్షలు. మన మౌనమును సైతము లాభములో చేర్చి లెక్కించు కంపెనీకి, ఒక్క ఫిర్యాదైనను ఆ లెక్కను తప్పించును. ఒకేవిధముగా నష్టపడిన పలువురు, కమీషను అనుమతితో, అందఱి పక్షమున నొక్క ఫిర్యాదు చేయుటకును వీలు కలదు. తీర్పుపై రాష్ట్ర కమీషనుకు అప్పీలు చేయు కంపెనీ, చెల్లింపవలసిన మొత్తములో సగము ముందుగా కట్టవలయును. ఆజ్ఞను పాటింపనివారికి జైలుగాని, జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

కంపెనీలన్నియు మోసకారులని మా భావము కాదు. మంచి సరకు నమ్మి, తప్పు జరిగినప్పుడు సరిదిద్దు సంస్థలును కలవు. కావుననే మొదట మర్యాదగా ఉత్తరము వ్రాయవలయును. వస్తువు పేరు, కొన్న తేదీ, చెల్లించిన సొమ్ము, కలిగిన లోపము, తాను కోరు పరిహారము, సమాధానమునకు గడువు: ఇవి యందు స్పష్టముగా నుండవలయును. ఆ యుత్తరమును స్పీడుపోస్టులో పంపి, దాని నకలును, తపాలా రసీదును దాచుకొనవలయును. 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసి జాతీయ సహాయ కేంద్రమువారి సలహా పొందవచ్చును. అప్పటికిని ఫలము లేనిచో కమీషను నాశ్రయింపవలయును. వ్యాజ్యకారణము పుట్టిన 2 సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలయునను నియమమును మఱువరాదు. ఊరి దుకాణదారుని మాత్రమే నిందింపక, వస్తువును తయారుచేసిన కంపెనీనిగూడ ప్రతివాదిగా చేర్చుట మంచిది.

ఇక పాఠశాల చేయవలసిన పని యొకటి కలదు. మన తరగతులలో సెలవుచీటి వ్రాయించుచున్నాము. మిత్రునికి లేఖ వ్రాయించుచున్నాము. కంపెనీకి వ్రాయు ఫిర్యాదుత్తరమునుగూడ ఏల వ్రాయింపరాదు? చదువురాని తల్లిదండ్రులు గల బాలుడు ఇంటికి పోయి తండ్రి కొన్న యింజను వారంటీ కార్డును చదివి వినిపించి, అందలి చిన్న అక్షరముల నియమములను తెలుపగలిగిన నాడు, వాని విద్య యింటికి అక్కఱకు వచ్చినదని చెప్పవచ్చును. వర్తకుడు "రసీదు లేకున్న వెల తగ్గింతు" ననినప్పుడు, ఆ తగ్గించిన కొద్ది సొమ్మునకు మన హక్కు నమ్ముకొనుచున్నామని ఆ బాలుడే పెద్దలకు బోధింపగలడు.

విద్యార్థులారా! రాబోవు డిసెంబరు 24వ తేదీలోపల మీ యింటిలోని రసీదులను, వారంటీ కార్డులను ఏరి, తేదీల వరుసను ఒక సంచిలో భద్రపఱచుడు. వానలకు తడిసి, చెదలు పట్టి పాడగుచున్న ఆ కాగితములే అవసరమైననాడు మీ తల్లిదండ్రుల పక్షమున సాక్ష్యము పలుకును.